అందరికంటే మెల్లగా ఏరే మనిషిని అడగమన్న సార్

మా సార్ పోయారన్న కబురు పోయిన నెలలో ఒక పొద్దున వచ్చింది. భువనగిరిలో నా కుట్టు షెడ్డులో స్కూలు యూనిఫాంలకు బట్ట కత్తిరిస్తున్నాను. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి, "ఏయ్, మన కామర్స్ సార్ పోయిండంటనే. హైదరాబాద్ దవాఖానల. మధ్యాన్నం వరకు ఆలేరు తీస్కొస్తరట" అంది. కిడ్నీల జబ్బుతో ఏడాదిగా తిరుగుతున్నారని నాకు తెలుసు. వెళ్ళి చూసి రావాలని ఎన్నోసార్లు అనుకున్నాను. భువనగిరి నుంచి ఆలేరు ఎంత దూరమని? రైలెక్కి కూర్చుంటే ఒక కునుకు కూడా తీరదు. అయినా వెళ్ళలేదు. ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయనకి నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, అది చెప్పే ధైర్యం లేక వెళ్ళలేదు. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇది గొప్ప పని కాదని నాకు తెలుసు.

ఆయన మా డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. రాష్ట్రం వచ్చింది కదా, ఇక పర్మినెంటు అయిపోతానని నమ్మినవాళ్ళలో ఒకరు. మేము చదివిన మూడేళ్ళూ ఆ నమ్మకం నమ్మకంగానే ఉండిపోయింది. రోజూ ఆలేరు నుంచి పుష్‌పుల్ రైల్లో వచ్చి, స్టేషన్ దగ్గర పెట్టుకున్న పాత సైకిలు తొక్కుకుంటూ కాలేజీకి వచ్చేవారు. చెమట తుడుచుకోవడానికి మెడలో చిన్న తువ్వాలు. అటెండెన్స్ తీసుకునేటప్పుడు మా పేర్లు పిలిచేవారు కాదు. తల ఎత్తి ముఖాలు చూసి టిక్కు పెట్టేవారు. ఒకరి బదులు ఇంకొకరు "ప్రెజెంట్ సార్" అనే విద్య ఆయన దగ్గర పనికిరాలేదు.

మా రెండో ఏడాదిలో ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అని కొత్త సబ్జెక్టు ఒకటి వచ్చిపడింది. ఆ పేరు పలకడానికే మాకు వారం పట్టింది. మిగతా లెక్చరర్లు తప్పించుకుంటే అది ఈయన నెత్తిన రుద్దారు. మొదటి రోజు పుస్తకం తెరిచి, రెండు పేజీలు చదివి, మూసేశారు. "ఇండ్ల అన్ని అమెరికా కంపెనీల ముచ్చట్లే ఉన్నయి. మనకు బస్టాండు చాలు. నడువుండ్రి" అన్నారు. మేము సినిమాకి తీసుకెళ్తున్నంత సంబరంగా బయలుదేరాం.

బస్టాండులో ఆయన మాకు చూపించింది కట్లు. జామకాయల బండి చక్రానికి సైకిల్ ట్యూబు ముక్కతో ఒక కట్టు. ఆటో అద్దానికి బైండింగ్ వైరుతో ఇంకొకటి. చెరుకురసం మిషన్ పిడికి చీర పేలిక. "కట్టున్న కాడల్ల ఒగ బాధ ఉంటది. ఆ బాధకు ఆ మనిషి అప్పటికే ఒగ మందు కనిపెట్టిండు. కంపెనీ పెట్టేటోడు ఎట్ల ఆలోచిస్తడో తెల్వాల్నంటె ఈ కట్లు చూడుండ్రి. ముందుగాల ఆ కట్టుకు దండం పెట్టుండ్రి. అటెన్క మీరు బాగుచేస్తరో చెడగొడ్తరో మీ ఇష్టం" అన్నారు. జామకాయల ఆమె మమ్మల్ని మున్సిపాలిటీవాళ్ళం అనుకుని, "బండి లేపిస్తరా ఏంది సారూ?" అని గాబరాపడింది. సార్ అందరికీ తలా ఒక కాయ కొనిపెట్టి ఆమెను శాంతింపజేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఒకడు, "సార్, మీ సైకిలు మీదనే ఆరు కట్లున్నయి" అన్నాడు. "అందుకే నేను కంపెనీ పెట్టలె బిడ్డా" అని నవ్వారు.

ఆ క్లాసుల్లో ఆయన బోర్డు మీద రాసిన మాట ఒకటుంది. అది మాత్రం ఏ పుస్తకంలోదీ కాదు. ఒక పని కోసం ఏదైనా కొత్త వస్తువు చేస్తే, ఆ పనిని అందరికంటే మెల్లగా చేసే మనిషిని ముందు అడగాలి. "చురుకైనోళ్లకు ఏ వస్తువిచ్చినా నడుస్తది. చాతగానోళ్ల చేతులకు పోయినప్పుడే దాని గుణం బయటపడ్తది. అడగంది అమ్మయినా పెట్టదంటరు. మీరు అడగకుంట కుట్టుకొని, కొట్టుకొని, అమ్ముకొని రాకుండ్రి" అనేవారు. మేము నోట్సులో రాసుకుని కింద గీత గీసుకున్నాం. నా నోటుబుక్కులో రెండు గీతలు కూడా ఉండాలి.

మా ఊరు భువనగిరికి, ఆలేరుకి మధ్య రోడ్డు దిగి లోపలికి పోవాలి. తాతల కాలంలో మాకు గుంట భూమి లేదు. ఇప్పుడూ లేదు. బాపు తాపీ పనికి వెళ్ళేవాడు. అమ్మ పన్నెండుమంది ఆడవాళ్ళ గుంపును వెంటేసుకుని కూలికి వెళ్ళేది. ఆ గుంపులో మా అవ్వ కూడా ఉండేది. అవ్వ అంటే బాపు తల్లి. అప్పటికే ఆమె వేళ్ళు వంకర తిరిగాయి. దసరా దాటితే పత్తి ఏరుడు మొదలవుతుంది. పాత చీరను నడుముకు ఒడిలాగా కట్టుకుని, సాలు వెంట వంగి నడుస్తూ, రెండు చేతులా పత్తి లాగి అందులో వేసుకుంటారు. ఒడి నిండేకొద్దీ బరువంతా ఆ ముడి మీద పడుతుంది. సాయంత్రం అమ్మ నడుము మీద ఎర్రగా వాత తేలి ఉండేది. ఒకరోజు అమ్మకి జండూబామ్ రాస్తూ ఆ వాత చూసి, కట్టు అంటే ఇదే కదా అనుకున్నాను. బస్టాండంతా తిరిగిన నాకు కట్టు మా ఇంట్లోనే దొరికింది.

సార్‌కి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నేనూ, నా స్నేహితురాలూ దాన్నే ఆ సబ్జెక్టు ప్రాజెక్టుగా తీసుకుని, నెలరోజులు కష్టపడి ఒక సంచి కుట్టాం. దళసరి నూలుబట్ట, భుజాలకు రెండు వెడల్పు పట్టీలు, మూతి తెరుచుకుని ఉండేలా తీగ చుట్టు. బరువు నడుము మీద కాకుండా భుజాల మీద పడుతుంది, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. అమ్మకు తగిలించాను. వాకిట్లో అటూ ఇటూ వంగి నడిచి చూసి, "మంచిగున్నదే. నడుముకు సుకంగున్నది" అంది. అమ్మ గుంపు పని చేసే పటేలు చేను దగ్గరికి తీసుకెళ్ళి ఆయనకూ చూపించాను. సంచిని తిప్పి చూసి, జానతో లోతు కొలిచాడు. "పన్నెండు కుట్టియ్యి బిడ్డా. అన్ని ఒక్క తీరుగుండాలె, ఏం?" అన్నాడు. అది నా బతుకులో మొదటి ఆర్డరు. ఆ జాన సంగతి నాకు అప్పుడు పట్టలేదు.

మర్నాడు ఆ ఆర్డరు సంగతి చెబితే సార్ సంతోషపడి, తర్వాత ఆగి అడిగారు. "మీ గుంపుల అందరికన్న మెల్లగ ఏరేది ఎవలు?"

"మా అవ్వ సార్."

"అడిగినవా?"

"అడిగిన సార్. మంచిగున్నదన్నది."

నేను అడగలేదు. అవ్వ నా కుట్టుమిషనుకు పది అడుగుల దూరంలో, గడప మీద కూర్చుని ఉండేది. అడగడానికి ఒక నిమిషం కూడా పట్టదు. ప్రాజెక్టు ఇవ్వాల్సిన తారీఖు దగ్గరపడింది. అవ్వకు ఇవన్నీ ఏం తెలుస్తాయనుకున్నాను. ఇంకొక కారణం కూడా ఉంది, అది చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ప్రాజెక్టు రిపోర్టులో కస్టమర్ అభిప్రాయం అన్న చోట, పళ్ళు లేని మా అవ్వ మాట రాయడం నాకు నామోషీ అనిపించింది. సార్ నా ముఖం చూసి, నమ్మి, అటెండెన్స్ తీసుకున్నట్టే కాగితం మీద టిక్కు పెట్టారు.

కాలేజీ ప్రాజెక్టుల పోటీలో మాకు మొదటి బహుమతి వచ్చింది. జిల్లాలోనూ వచ్చింది. ఆ రోజు సార్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు, మెడలో తువ్వాలు లేదు. పేపర్లో జిల్లా పేజీలో ఫోటో పడితే అమ్మ దాన్ని చర్చికి తీసుకెళ్ళి అందరికీ చూపించింది.

కొత్త సంచులతో ఏరుడు మొదలయ్యాక తెలిసింది, పాత ఒడికి కొలత లేదని. అదివరకు ఒక్కొక్కరి చీర ఒక్కో తీరు. ఎవరి ఒడిలో ఎంత పడిందో ఎవరికీ తెలియదు. చురుకైన కోడళ్ళు పక్క సాల్లో నడుస్తున్న అవ్వ ఒడిలో పోతూ పోతూ రెండు గుప్పిళ్ళు వేసేవారు. సాయంత్రం అందరూ ఒకే కుప్పలో పోసేవారు. దినకూలి అందరికీ ఒకటే. అలా ఎన్నో ఏళ్ళుగా ఆ గుంపు మా అవ్వను, అవ్వలాంటివాళ్ళను చప్పుడు చేయకుండా మోసుకొచ్చింది. ఇప్పుడు పన్నెండు సంచులూ ఒకే లోతు. పటేలు వాటి మీద పెయింటుతో నంబర్లు వేయించాడు. మధ్యాహ్నంలోగా రెండు, పొద్దుగూకేలోగా ఇంకో రెండు నింపాలని చెప్పాడు. ఎవరి సంచి వాళ్ళు నింపుకోవడానికే ఊపిరి సలపలేదు, పక్కవాళ్ళ సంచిలో గుప్పెడు వేసే తీరిక ఎక్కడిది? అవ్వ సంచి రెండోది సగం కూడా నిండేది కాదు. నాలుగో రోజు పటేలు అమ్మను పిలిచి, "మీ అత్తను ఇంటికాడ ఉంచుకో. సంచి నిండుతలేదు" అన్నాడు.

మర్నాడు అవ్వ ఎప్పటిలాగే చీకటితో లేచింది. చీర పైకి దోపుకుని గడప మీద కూర్చుంది. గుంపు వెళ్ళేదాకా చూసి లోపలికి వచ్చింది. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడకుండా, మూడో రోజు అన్నం పెడుతూ, "నీ సంచి మంచిగనే ఉన్నదే. మీ అవ్వనే మంచిగ లేదు" అంది.

ఏడ్చుకుంటూ వెళ్ళి సార్‌కి చెప్పాను. జరిగింది చెప్పాను, నేను చేసింది చెప్పలేదు. ఆదివారం ప్రార్థన అయిపోయే వేళకి ఆయన మా వాడకు వచ్చారు. గుంపంతా మా వాకిట్లో కూడింది. అమ్మ, "నువ్వు గూసో సారూ" అని మంచం వాల్చింది. ఆయన కూర్చోలేదు. చేతులు జోడించి, "తప్పు నాది. పిల్లలకు అడుగుడు నేర్పిన అనుకున్న. మీ అవ్వ అసొంటోళ్లను ఎట్ల అడగాల్నో నేర్పలేకపోయిన. నేను సొంతంగ వచ్చి అడగాల్సిండె" అన్నారు. ఆడవాళ్ళు ఇబ్బందిపడిపోయారు. వాళ్ళ ముందు చేతులు జోడించిన సారు అంతకుముందు ఎవరూ లేరు. అవ్వ ఆయన వైపు చూసి తల కొంగు సర్దుకుంది. నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. నోరు తెరిచి ఒక్క మాట చెబితే ఆ తప్పు ఆయన మీదినుంచి దిగిపోతుంది. నేను నోరు మెదపలేదు.

అమ్మే అడిగింది. "గిప్పుడేం జేస్తవు సారూ? కొలత ఒక్కపారి చేతికొస్తె ఎవలన్న పారేస్తరా?"

ఆయన చెప్పులు వేసుకుని బయలుదేరారు. పటేలు దగ్గరికి వెళ్ళారు. పటేలు మర్యాదస్తుడే. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, "మీ పిల్లలే కుట్టిచ్చిండ్రు గద సార్. దానికి ప్రైజు గూడ వచ్చెనాయె. గిప్పుడు మంచిది కాదంటే ఎట్ల?" అన్నాడు. ఆ పై ఆదివారం సార్ తానే ఒక సంచి తగిలించుకుని సాల్లో దిగారు. పొద్దుగూకేదాకా ఏరి, ఒకటిన్నర సంచి చూపించి, మనిషి ఇంతకంటే ఏరలేడని వాదించబోయారు. "మీరు చదువుకున్నోళ్లు సార్" అని పటేలు పగలబడి నవ్వాడు. ఆడవాళ్ళూ నవ్వారు. సార్ చేతుల నిండా పత్తికాయల గీతలు. నవ్వనివాళ్ళు అక్కడ సారూ, నేనూ, ఇద్దరమే.

పది పదిహేను రోజులకు అవ్వ మళ్ళీ సాల్లో నిలబడింది. సంచి నిండుతోందని పటేలే రమ్మన్నాడట. అవ్వ చేతులు తిరిగి సాగాయేమోనని నేను సంతోషపడ్డాను. ఎంత తెలివిగలదాన్నో చూడండి.

అదే నెలలో సార్ మా సంచిని రాష్ట్రస్థాయి పోటీ నుంచి వెనక్కి తీసుకున్నారు. అక్కడ గెలిస్తే ఆ నమూనాను చాలా ఊళ్ళకు పంచుతారని, మాకు హైదరాబాద్‌లో శిక్షణ ఇప్పిస్తారని జిల్లా పోటీలోనే చెప్పారు. నేను అప్పటికే బట్టలు సర్దుకుని కూర్చున్నాను. వస్తువు ఇంకా పూర్తి కాలేదని ఆయన ఒక కాగితం రాసి పంపేశారు. నాకు ముక్కు మీద కోపం, ఇప్పటికీ ఉంది. స్టాఫ్ రూము బయట వరండాలో, నలుగురూ వింటుండగా, "మీకు పర్మినెంటు కాలేదని మమ్ములను గూడ కిందనే ఉంచుతరా సార్?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నారు. "అట్లనే అనుకో బిడ్డా" అని క్లాసులోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా ఆయన క్లాసులో నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన మాత్రం తల ఎత్తి, నా ముఖం వెతికి, టిక్కు పెట్టేవారు.

నిజం నాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి నేను రెండు మిషన్లతో షెడ్డు పెట్టాను. మా సంచిలాంటివే ఎవరో కుట్టించి అంగళ్ళలో అమ్ముతున్నారు. ఒక అంగడతను నన్నూ కుట్టిమ్మన్నాడు. అమ్మతో చెబితే, "ఆ సంచి ముట్టకు" అని, అప్పుడు చెప్పింది. గుంపులోవాళ్ళు అవ్వ సంచిని లోపలినుంచి సగానికి పేలికతో కట్టేశారట. పైనుంచి చూస్తే అన్నిటిలాగే ఉంటుంది, నంబరూ ఉంటుంది, సగం పత్తికే నిండుతుంది. కుప్పలో పోసేటప్పుడు నలుగురు చుట్టూ మూగి నిలబడితే పటేలుకు ఏమీ కనబడదు. ఒక ఆదివారం సార్ మా ఇంటికి వచ్చినప్పుడు ఆ సంచి దడి మీద ఆరేసి ఉంది. ఆయన అలవాటు కొద్దీ చేయి పెట్టి లోపలి కట్టు తడిమారు.

"సారూ, గది మీ కాలేజిల రాసుకునేది కాదు" అంది అమ్మ.

"ఏది? నాకేం కనవడలె" అన్నారట సార్.

అందుకే ఆ పోటీ వద్దనుకున్నారు. ఒక్క ఊళ్ళో ఒక్క అవ్వకి కట్టు దొరికింది. ఆ సంచి వంద ఊళ్ళకు పోతే ఎందరు ఇళ్ళలో కూర్చుంటారో ఆయన ఊహించుకుని ఉంటారు. ఆ సంగతి నాకు చెబితే అవ్వ కట్టు సంగతీ చెప్పాలి. నా నోరు ఎంత పెద్దదో ఆయనకు తెలుసు. అమ్మకిచ్చిన మాట కోసం నా చేత అంత మాట అనిపించుకున్నారు. ఇంత చేసినా ఆ సంచులు అంగళ్ళలోకి రానే వచ్చాయి. ఆయన ఆపగలిగింది ఏమీ లేదు.

అప్పుడు ఒకసారి ఆలేరు వెళ్ళాను. వరండాలో అన్న మాటకు క్షమించమన్నాను. "ఏ మాట? నాకు యాదికి లేదు" అని అబద్ధమాడి చాయ్ పెట్టించారు. షెడ్డు ముచ్చట్లన్నీ అడిగారు. చాయ్ తాగుతుండగా తనంతట తానే చెప్పారు. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు ఆ సంచి కథ చెబుతున్నారట. కట్టు సంగతి చెప్పరు, అవ్వ ఇంట్లో కూర్చున్న దాకా చెబుతారు. "సారే తప్పు చేసిండని చెప్త. పిల్లలు మంచిగ వింటరు. సారు తప్పు చేసిండంటే వాళ్లకు కుషీ" అని నవ్వారు. నా అబద్ధం ఆయన తప్పుగా మారి, ఏటా ఒక తరగతికి పాఠం అవుతోంది. అప్పుడైనా చెప్పాలి కదా. కప్పు కింద పెట్టి, రైలుకు టైమైందని లేచి వచ్చేశాను. ఆయనను చూడడం అదే ఆఖరు.

దినాలనాడు మా అమ్మా, గుంపులో ఇంకా మిగిలిన ఏడుగురూ నాతో ఆలేరు వచ్చారు. ఏరుడు జోరుగా ఉన్న రోజులు. ఆ పూట కూలి వదులుకుని వచ్చారు. సార్ భార్యను నేను దగ్గరగా చూడడం రెండోసారి. ఆమె మా అమ్మ చేయి పట్టుకుని, "సంచి ముచ్చట మీదేనా అక్కా? ఆ అవ్వ ఉన్నదా? దవాఖానల పండుకొని గూడ యాది చేసిండు. నేను పొయ్యి ఆమెను అడగకపోతి అని" అంది. అమ్మ, "ఉన్నదమ్మా, మంచిగనే ఉన్నది" అంది. నేను పక్కకు వెళ్ళి నీళ్ళ డ్రమ్ము దగ్గర ముఖం కడుక్కున్నాను. ఎంత కడిగినా కళ్ళు ఆగలేదు.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. ఇప్పుడామె పనికి పోవడం లేదు, మోకాళ్ళు పట్టేశాయి. చెవులు మాత్రం పాము చెవులు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. సార్ నిన్ను అడగమన్నాడు అవ్వా, నేను అడగలేదు, అడిగానని చెప్పాను, ఆ పాపం ఆయన మోసి పోయాడు అని ఏడ్చాను. అవ్వ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"అడిగితే మాత్రం ఏమందును బిడ్డా? మంచిగున్నదనే అందును" అంది అవ్వ. "నువ్వు కుట్టినవు గదా."

ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు. దాన్ని సార్ దగ్గరికి తీసుకెళ్ళాలని ఎంత అనిపిస్తోందో చెప్పలేను. ఆయన ఉంటే తువ్వాలుతో నుదురు తుడుచుకుని, "అరె, గిది నాకు తట్టలె" అనేవారు. మర్నాడు బోర్డు మీద ఏం రాసేవారో. మెల్లగా చేసే మనిషిని అడగాలని మాకు నేర్పారు. ఆ మనిషి మన మీద ప్రేమతోనో భయంతోనో నిజం చెప్పకపోతే ఏం చేయాలో నేర్పలేదు. ఆయనకూ తెలియదేమో. అడగాల్సిన మనిషి ఇప్పుడు లేరు.

పోయిన వారం మా కాలేజీ నుంచే నలుగురు ఆడపిల్లలు నా షెడ్డుకు వచ్చారు. సార్ దగ్గర చదివిన ఆఖరి పిల్లలు. "మేడం, పని జాగాల ఇబ్బందులు అడిగి రాయాలె. సార్ పోకముందు ఇచ్చిండు ఈ ప్రాజెక్టు" అంది ఒకమ్మాయి. రండమ్మా, ఎవరినైనా అడగండి అన్నాను. నా దగ్గర ఎనిమిదిమంది పనిచేస్తున్నారు. ఆ అమ్మాయి నన్ను ఏమీ అడగకుండానే, నేరుగా మూలన గుండీలు కుట్టే పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నా షెడ్డులో అందరికంటే మెల్లగా పనిచేసేది ఆమే. ఆమె పని వెనకబడుతోందని ఆ పొద్దునే నేను రెండు మాటలు విసిరి ఉన్నాను.

"పెద్దమ్మా, మీకు ఇక్కడ ఏమన్న ఇబ్బందులున్నయా?"

పెద్దమ్మ సూది ఆపింది. తల ఎత్తి ముందు నా వైపు చూసింది. తర్వాత నవ్వింది. "ఏం లెవ్వు బిడ్డా. మా మేడం మంచిది. అంత మంచిగున్నది" అంది. మిగతావాళ్ళూ నన్ను చూసి తలలూపారు. ఆ పిల్ల ఆ మాటను గుండ్రటి అక్షరాలతో రాసుకుంటోంది.

నేను కత్తెర బల్ల మీద పెట్టాను. చాయ్ తాగొస్తానని చెప్పి, షట్టరు సగం దించి, రోడ్డు దాటి అవతల నిలబడ్డాను. లోపల మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. లారీ ఒకటి, రెండు ఆటోలు పోయాయి. తర్వాత షట్టరు కింది సందులోంచి, మెల్లగా, పెద్దమ్మ గొంతు మొదలైంది. ఏం చెబుతోందో అంత దూరానికి వినబడడం లేదు. నేను దగ్గరికి వెళ్ళలేదు.